లింకు కావాలి

“ఈ నిర్వాకం ఎవరిది?” అంటూ మేనేజరు తన ఫోను బల్ల మీదికి తోశాడు.

ఫోటోలో మునిసిపల్ ఆఫీసు కౌంటరు తెర ఉంది. చనిపోయిన నాలుగేళ్ల కూతురి పేరు మరణాల పట్టీలో నమోదు చేయించడానికి వెళ్లింది ఒక తల్లి. వివరాలన్నీ నింపి బటన్ నొక్కగానే తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి: “అభినందనలు! మీ పని దిగ్విజయంగా పూర్తయింది. మళ్ళీ మళ్ళీ రండి!” ఆవిడ అక్కడే కూలబడిపోయిందట. వెనక నిలబడ్డవాళ్లెవరో ఫోటో తీశారు. తెల్లారేసరికి ఊరంతా చూసింది.

ఆ మాటలు రాసింది టీచరమ్మ. ఆవిడ టీచరేమీ కాదు, మునిసిపాలిటీకి ఆ సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన కంపెనీలో అనువాదకురాలు. ఎదుటివాళ్ల మాటల్లో తప్పులు దిద్దనిదే ఊరుకోదు కనక ఆ పేరు ఖాయమైపోయింది. ఉన్న ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకొకటి దొరకడం కల్ల.

“నాకొచ్చింది ‘పూర్తయింది, ధన్యవాదాలు’ అన్న రెండు ముక్కలే సార్. మరీ పొడిగా ఉందని కాస్త సందడి చేర్చాను. అది పెళ్లి నమోదుకో చావు నమోదుకో నాకెలా తెలుస్తుంది? కళ్లకి గంతలు కట్టి సూదిలో దారం ఎక్కించమంటే ఎలా? ఎక్కడ వాడుతున్నారో చెప్పాల్సింది ప్రోగ్రామరు. ఆయన ఒక్క మాట రాసిన పాపాన పోలేదు!”

అందరూ బల్ల చివరికి చూశారు. అక్కడున్న ప్రోగ్రామర్ని ఆఫీసులో గొణుగుడుగారంటారు. ఆయన మాట పక్క కుర్చీ దాకా కూడా పోదు.

“రాశానండీ. కోడ్‌లో ఆ వాక్యం పైనే రాశాను. కావాలంటే తెరిచి చూపి...”

“ఇప్పుడు తెరిచి, ఇప్పుడే రాసేసి చూపిస్తావా?” అన్నాడు మేనేజరు. “టీచరమ్మా, మీకేమన్నా కనబడిందా?”

ఆవిడ లాప్‌టాప్ అందరివైపూ తిప్పింది. పైన అసలు వాక్యం, కింద ఆవిడ అనువాదం. ఇంకేమీ లేదు.

“చూశారుగా సార్.”

“మా ఆవిడకి నెలలు నిండాయి సార్,” అన్నాడు గొణుగుడుగారు. ఈ మాట మాత్రం అందరికీ వినబడింది.

కానీ బాధ్యుణ్ణి తీసేశామని సాయంత్రంలోగా మునిసిపాలిటీకి ఉత్తరం వెళ్లాలి. మెత్తగా ఉన్నవాణ్ణి చూస్తే మొత్తబుద్ధేస్తుంది కదా, ఆయన్నే తీసేశారు. గండం గడిచిన టీచరమ్మ అంతటితో ఊరుకోలేదు.

“ఇకమీదట నాకిచ్చే ప్రతి వాక్యానికీ సోర్స్ కోడ్ లింకు కావాలి సార్. నొక్కితే అది ఎక్కడ వాడారో నా కళ్లకి కనబడాలి. లేకపోతే ఈ పని నావల్ల కాదు.”

న్యాయమైన కోరికే. మేనేజరు సరేనన్నాడు.

మూడు వారాలకి లింకులొచ్చాయి. అనువాదాల సాఫ్ట్‌వేర్ చూసే ఇంజనీరు స్వయంగా వచ్చి టీచరమ్మ పక్కన కూర్చుంది. టీచరమ్మ ముందుగా ఆ పాపిష్టి వాక్యాన్నే తెరిచి లింకు నొక్కింది. కోడ్ వచ్చింది. వాక్యం పైన నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి.

“అనువాదకులకు మనవి. ఇది మరణ నమోదు చివర కనబడుతుంది. చదివేది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. దయచేసి ఒక్క మాట కూడా కలపవద్దు.”

పక్కన తేదీ ఉంది. రెండేళ్ల కిందటిది.

ఆ మనిషి నిజమే చెప్పాడు. తనేమో నలుగురిలో ఆయన్ని అబద్ధాలకోరుని చేసింది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. కాసేపటికి సిగ్గు పోయి కోపమొచ్చింది. కోపమైతే భరించడం తేలిక.

“మరి ఇన్నాళ్లూ ఇది నాకెందుకు కనబడలేదు?”

“ప్రోగ్రామర్లు రాసిన మనవులు మొదట్నుంచీ వాక్యం పక్కనే వస్తాయి మేడమ్. అందరికీ వస్తున్నాయి. మీకొక్కరికే ఆపేసి ఉంది.”

“ఎవరాపారు?” టీచరమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. “ఒక అమాయకుడి నోటికాడ కూడు లాగేసినవాళ్లు ఈ ఆఫీసులో ఒక్క పూట ఉండటానికి వీల్లేదు. ఇప్పుడే మేనేజరు దగ్గరికెళ్తాను. ఎవరో చెప్పు!”

ఇంజనీరు పాత దరఖాస్తుల్లో ఒకటి వెతికి తీసి, తెర ఆవిడ వైపు తిప్పింది.

“ఈ ప్రోగ్రామర్ల సోది నా పనికి అడ్డమొస్తోంది, ఇకమీదట నాకు కనబడకుండా చేయండి,” అని ఉంది అందులో. కింద సంతకం టీచరమ్మదే.