ఉత్తరం వదిలిన ముల్లు

చీకటి పడింది. రాజమహేంద్రవరంలో ఓ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో లెక్చరర్ హారతి ఒక్కతే కూర్చుని ఉంది. కణాలు తమలో తాము తిరిగే గుణమైన స్పిన్‌ను ఒకే దిక్కుకు తిప్పిన డ్యూటెరాన్‌లనే కేంద్రకాలను ప్రోటాన్‌ల మీదికి వదిలి, ఎక్కడో విదేశంలో తీసిన అంకెలు ఆమె ముందున్నాయి. డ్యూటెరాన్‌లో ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్, అది ఢీకొట్టే ప్రోటాన్ ఒకటి, మొత్తం మూడు కణాలు. రెండేసి కణాల మధ్య బలాలు ఎంత కూడినా ఆ అంకెలు రావు. మూడూ ఒకచోట ఉంటేనే పుట్టే బలం ఒకటుంది. ఆమె పీహెచ్‌డీ అంతా దాని మీదే.

వాచ్‌మన్ లాజరు టీ తెచ్చాడు. అతను లోపలికి రాగానే బల్ల మీది దిక్సూచి ముల్లు ఉత్తరం వదిలి, మూలనున్న ఖాళీ స్టూలు వైపు తిరిగింది.

"తాళాల గుత్తి బయట పెట్టి రండి, లాజరు గారూ."

పెట్టి వచ్చాడు. ముల్లు మళ్లీ అటే తిరిగింది.

ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం ఆమె అలవాటు. అతణ్ని వరండాలోకి పంపింది. ముల్లు ఉత్తరానికి వచ్చింది. అతణ్ని లోపల ఉంచి, తను బయటికెళ్లి కిటికీలోంచి చూసింది. అప్పుడూ ఉత్తరమే. ఇద్దరూ లోపలుంటేనే స్టూలు వైపు.

"ఇది మనిద్దరి వల్లే అయితే పక్క గదిలోనూ తిరగాలండి," అంది.

దిక్సూచి పట్టుకుని ఇద్దరూ అక్కడికి వెళ్లారు. ముల్లు ఉత్తరం వైపే నిలిచింది. బ్రిడ్జి మీద రైలు చప్పుడు దూరమై, ఆగిపోయింది.

లాజరు ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. ఇక్కడ మనిద్దరమేనండి."

ఆమె దిక్సూచి వైపు చూపించింది. ముల్లు మెల్లగా, వాళ్లు వచ్చిన గుమ్మం వైపు తిరుగుతోంది.