తొంభై అంకెల సంఖ్య

"ఈ తొంభై అంకెల సంఖ్యకు ప్రధాన కారణాంకాలు రెండే. వాటిని నేను కనుక్కున్నాను," అన్నాడు వేదిక మీద మనోహర్.

హనుమకొండ కాలేజీ హాల్లో చప్పట్లు మోగాయి. నిజంగా వాటిని కనుక్కున్న అతని భార్య సువర్ణ ముందు వరుసలో కదలకుండా కూర్చుంది. ఇద్దరి పేర్లూ చెబుతానని పొద్దున టిఫిన్ దగ్గర అతనే అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "సార్, ఆ రెండూ ప్రధాన సంఖ్యలేనని ఎట్ల తేల్చిన్రు?"

మనోహర్ సుద్దముక్క పట్టుకొని బోర్డు వైపు తిరిగాడు. ఒక గీత గీసి, చెరిపేసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"జర నువ్వే చెప్పరాదూ, సువర్ణా," అన్నాడు మెల్లగా.

"ఇంట్ల చానాసార్లు చెప్పిన గద మీకు."

సంచి భుజాన వేసుకొని ఆమె బయటికి నడిచింది. ఇన్నేళ్లూ అన్నం తింటూ అతను తన లెక్కలు ఇష్టంగా వింటున్నాడనుకుంది. జవాబులు మాత్రమే బట్టీ పడుతున్నాడని ఇప్పుడు అర్థమైంది.