కొత్త చెప్పులు

యశస్విని చెప్పుల డబ్బా బల్ల మీద పెట్టగానే మహిళా సహాయ కేంద్రం కౌన్సెలర్ సెలీనా నవ్వింది.

"మేం కానుకలు తీసుకోమండి."

"మీకు కాదు మేడం. మా ఆఫీసోళ్లు చందాలేసుకొని నాకు కొనిచ్చిన్రు."

నిన్న గచ్చిబౌలిలో ఒక ఆఫీసువాళ్లు పిలిస్తే, సెలీనా మహిళల హక్కుల గురించి మాట్లాడి వచ్చింది. భార్య గడప దాటకుండా చెప్పులు దాచేసే భర్త కథ చెబితే హాలంతా కళ్లు తుడుచుకుంది. ఆ హాల్లో యశస్విని ఉందని ఆమె గమనించనే లేదు.

"కథలో మీ పేరు మార్చాను కదండీ!" అంది సెలీనా.

"ఒకరోజు ఉట్టి కాళ్లతోనే ఆఫీసు బస్సెక్కిన మేడం. చెప్పు తెగిందని అందరికి అబద్ధం చెప్పిన. నిన్న మీరు చెప్తుంటే అందరు నా కాళ్ల దిక్కే చూసిన్రు. ఇగ ఇవి తొడుక్కుంటే నేనే అని ఒప్పుకున్నట్టయితది."

సెలీనాకు తల కొట్టేసినట్టయింది. వెనక గోడ మీద 'మీ మాట ఈ గది దాటదు' అని రాయించింది తనే.

"నా మీద కంప్లైంట్ రాయండి. పై మేడంకి నేనే ఇస్తాను" అంటూ తెల్లకాగితం ముందుకు జరిపింది.

యశస్విని పెన్ను అందుకుని ఆగిపోయింది.

"దీన్ని ఎంతమంది చదువుతరు మేడం?"