బావి మట్టం

చేలకు కరెంటు రాత్రిపూటే ఇస్తారు. నీళ్లు లేకుండా తిరగడంతో మా మోటారు ఒకసారి కాలిపోయింది. అందుకే బావిలో నీటిమట్టం చూపే యంత్రాన్ని నా డిప్లొమా ప్రాజెక్టుగా చేశాను. ఆ రాత్రి దాని తెర మీద నల్లటి గళ్లు తప్ప అక్షరాలు రాలేదు. తీగలు చూడటానికి మా నాన్న, బాపు, నడుముకు తాడు కట్టుకుని, ఉన్న ఒక్క టార్చితో ముప్పై అడుగుల బావిలోకి దిగాడు.

"ఇంజినీర్ సాబ్, నీ డబ్బ కండ్లు తెరిసిందా?"

"లేదు బాపు. కింద నీళ్లెన్ని ఉన్నయి?"

"సుక్క లేదు బిడ్డా. కాలు గూడ తడుస్తలేదు."

తెర పక్కనున్న చిన్న స్క్రూ తిప్పాను. అక్షరాలు వచ్చాయి. నీళ్లు రెండడుగులు అని చూపింది. తప్పనుకుని తీగలు విప్పి బిగించాను. తొమ్మిది అంది. యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాను. పద్దెనిమిది.

లోపల టార్చి వెలుగు కనిపించడం లేదు.

"బాపు, పైకి రా!"

"ఎందుకురా? అంత పొడిగనే ఉంది."

గొంతు తాపీగా ఉంది. తెర మీద అంకె ఇరవై ఆరుకు చేరింది. రెండు చేతులా తాడు గుంజాను. అరచేతులకు తడి తగిలింది. చివర బరువు ఉంది కానీ కదలిక లేదు.

"గుంజకు బిడ్డా," అన్నాడు బాపు కింద నుంచి. "నువ్వే దిగిరా."