చన్నీళ్ళ హెడ్మాస్టరు

"బావా, ఒప్పుకున్నారు!"

ఫోన్ పట్టుకుని ఆమె మంచం మీద ఎగిరి గంతేసింది. పెళ్ళై పదిహేడు రోజులు. సరస్సులో డైవింగ్‌కి ఇద్దరికీ అనుమతి వచ్చింది, రేపు ఒక్కరోజుకే. ఎల్లుండి నుంచి చలికాలం పోయేదాకా సరస్సు మూసేస్తారు.

సగం గీసిన గడ్డంతో, నురగతోనే అతను బయటికొచ్చాడు.

"నిజంగా?"

"అడుగున పాత వంతెన ఉందట. దాని మీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడాలి మనం. అంతే. ఈ జన్మకి ఇంకేం అడగను నిన్ను."

"రాసివ్వు."

అతని చెంప మీది నురగలో వేలితో సంతకం పెట్టింది.

ఇద్దరూ ఇంతవరకూ దిగింది వెచ్చటి సముద్రాల్లోనే. చన్నీళ్ళు కొత్త. అందుకే మధ్యాహ్నం డైవింగ్ దుకాణానికి వెళ్ళారు. ఓనరు వెనక షెడ్డు చూపించాడు. అక్కడ స్టూలు మీద కూర్చుని ఒక ముసలాయన సూటు జిప్పుకి మైనం రాస్తున్నాడు.

లోపలికి నీళ్ళు రాని సూటు, తలకి బిగుతు టోపీ, చేతులకి మందపాటి గ్లౌజులు, సిలిండర్ గాలిని నోటికందించే రెగ్యులేటర్లు రెండేసి. ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

"బావా, అచ్చం సీల్ చేపలా ఉన్నావు."

"నువ్వు దాని పెళ్ళానివి."

ముసలాయన నవ్వలేదు. ఐసుముక్కలు వేసిన బకెట్టు తెచ్చి ముందు పెట్టాడు.

"చేతులు ముంచండి. రెండు నిమిషాలు."

ముంచారు.

"ఇప్పుడు కళ్ళు మూసుకుని, ఛాతీ మీది క్లిప్పు విప్పి, ఆ రెండో రెగ్యులేటర్ పక్కవాళ్ళకి ఇవ్వండి. ఒకరికి గాలి అందకపోతే రెండోవాళ్ళు ఇచ్చేది దాన్నే."

ఆమె వేళ్ళు కర్రముక్కలైపోయాయి. క్లిప్పు రాలేదు. అతనికీ రాలేదు.

"మళ్ళీ."

అయిదుసార్లు.

"మా పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని పరీక్షలు పెట్టలేదు తాతగారూ," అన్నాడతను.

"హెడ్మాస్టరు," అని ఆమె అతని చెవిలో గొణిగింది. నవ్వు ఆపుకుంటూ, అలవాటు కొద్దీ రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగుసార్లు పీల్చి చూసింది.

"ఆపమ్మా!"

ఆ అరుపుకి ఉలిక్కిపడింది.

"దిగేముందు ఇలాగే చూసుకుంటాం కదండీ?"

"వెచ్చటిచోట పరవాలేదు. ఈ చలిలో నీ ఊపిరి తేమ లోపలే ఉండిపోతుంది. కిందికెళ్ళాక మంచై బిగుసుకుంటుంది. ఇక రెగ్యులేటర్ మూసుకోదు, ఉన్న గాలంతా బుడగలైపోతుంది. తల మునిగాకే మొదటి ఊపిరి."

గ్లౌజులు వెనక్కి తీసుకుంటూ అన్నాడు: "మీ చేతులింకా తయారు కాలేదు. రేపు దిగొద్దు. చలికాలం పోయాక రండి."

ఆమెకి ఏడుపొచ్చింది. గబగబా ఓనరు దగ్గరికి వెళ్ళింది.

"మాకున్నది రేపొక్కరోజు. జిప్పులకి మైనం రాసుకునే ఆయన వద్దంటే మానుకోవాలా? అసలాయనకి ఈతైనా వచ్చా?"

ఓనరు ఏదో చెప్పబోయాడు. వెనకాలే వచ్చిన ముసలాయన, చెప్పొద్దన్నట్టు తలూపాడు.

"పెద్దాయనా, ఈ పూటకి ఇంటికెళ్ళండి," అన్నాడు ఓనరు నేల చూస్తూ. వాళ్ళు దిగొచ్చని కాగితం మీద తనే సంతకం పెట్టాడు.

ముసలాయన కోటు తొడుక్కున్నాడు.

"తల మునిగాకే, తల్లీ," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎండ కాసింది. ఓనరు పడవలో తీసుకెళ్తుంటే ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగారు. నోళ్ళలోంచి ఆవిర్లు వస్తుంటే రైలింజన్లలా కూత పెట్టారు. ఆ సంబరంలో, పడవ అంచున కూర్చుని, ఆమె అలవాటుగా నాలుగుసార్లు పీల్చింది.

వంతెన దగ్గర ఎప్పుడూ కట్టి ఉండే తాడు పట్టుకుని దిగారు. పన్నెండు మీటర్ల లోతులో వంతెన మసగ్గా కనిపించింది. ఆమె చెయ్యి చాపింది.

రెగ్యులేటర్ బుస్సుమంది.

ఎటు చూసినా బుడగలే. అతను ఛాతీ మీది క్లిప్పు కోసం తడుముకున్నాడు. వేళ్ళు మాట వినలేదు. ఆమెని పట్టుకుని తాడు వెంట పైకి లాగాడు. ఆమెకి ఊపిరి ఆగిపోతోంది.

సగం దారిలో, దిగేటప్పుడు పట్టించుకోని సిలిండర్ ఒకటి తాడుకి వేలాడుతోంది. దాని రెగ్యులేటర్‌కి క్లిప్పు లేదు. రబ్బరు బ్యాండు వేసి ఉంది, అంతే. అతను ఒక్క లాగు లాగితే ఊడొచ్చింది.

ఆమె పీల్చింది.

ఒడ్డున, రెండు దుప్పట్లు కప్పినా ఆమె పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి.

"మీరు ఆ సిలిండర్ కట్టకపోయుంటే..."

"నేను కట్టలేదే," అన్నాడు ఓనరు. సిలిండర్‌తో పాటు కోసి తెచ్చిన తాడుముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. "ఇది పెద్దాయన ముడి. నిన్న సాయంత్రం ఒక్కడే పడవేసుకుని వచ్చుంటాడు."

"ఫోన్ చెయ్యండి. ఆయన కాళ్ళ మీద పడతాను."

ఓనరు నవ్వుతూ ఫోన్ చేశాడు. అవతల ఎత్తింది ఆయన భార్య. వింటూ వింటూ అక్కడే కూలబడ్డాడు.

"బట్టలన్నీ తడుపుకుని ఇంటికెళ్ళాడట. గుండెల్లో నొప్పన్నాడట. తెల్లారకముందే..."

ఆమె దుప్పటి జారిపోయింది. ఎవరూ తీసి కప్పలేదు.

"ఈతైనా వచ్చా అన్నాను బావా."

అతను తల దించుకున్నాడు. తలెత్తకుండానే ఓనరుని అడిగాడు: "ఎప్పుడు తీసుకెళ్తారు?"

"రేపు పదింటికి."

"మేమూ పాడెకి ఒక చెయ్యి వేస్తాం."

"మనదాకా రాదేమో బాబూ," అన్నాడు ఓనరు. "ముప్పయ్యేళ్ళలో ఈ సరస్సులో మునిగి చనిపోయిన పద్నాలుగుమందిని అడుగునుంచి ఆయనే పైకి తెచ్చి ఇళ్ళకి చేర్చాడు. రేపు ఆయన్ని మేమే మోస్తామని పొద్దుటి నుంచి ఆ పద్నాలుగిళ్ళ వాళ్ళూ ఫోన్లు చేస్తున్నారట."