టెంక మీద సాబ్

సంచిలో నాలుగు చీరలు, రెండు తువ్వాళ్ళు, మందుల చీటీలు సర్దింది భ్రమరాంబ. సర్దినవన్నీ మళ్ళీ బయటికి తీసింది. రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు పక్కనే ఉన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో వాళ్ళ క్వార్టరు ముందు ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆసుపత్రిలో ఈ రోజే చేరాలి. మంగళవారం ఆమె గుండెకు ఆపరేషన్.

"ఇంకేటి వెతుకుతున్నావు? జల్దీ నడువు," అన్నాడు ఆ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే భర్త జోగయ్య.

"ఊర్మిళ రానీండి. సాబ్ బొమ్మ చేతికి రానిదే నేను కదల్ను."

సాబ్ అంటే వాళ్ళ పిల్లి. తోక నిటారుగా ఎత్తి, తనిఖీకొచ్చిన ఆఫీసరులా నడుస్తుందని జోగయ్యే ఆ పేరు పెట్టాడు.

పక్క క్వార్టరు ఊర్మిళ పరుగున వచ్చింది. ఎవరి కుక్కనైనా, పిల్లినైనా ఎండిన సొరకాయ బుర్ర మీదో, తాటి టెంక మీదో అచ్చు గుద్దినట్టు దించుతుంది ఆ పిల్ల. భ్రమరాంబ కోసం పీచుమామిడి టెంకను ఎంచుకుంది. పీచు దువ్వి, రంగు అద్దితే అది బొచ్చయింది. ముడుచుకుని కూర్చున్న సాబ్, చెవి మీద నల్లమచ్చతో సహా, గుప్పిట్లో ఒదిగిపోయింది.

"కళ్ళేవే?" అంది భ్రమరాంబ, బెదిరిపోయి.

"అది నిలబడితే కదా పిన్నీ! బ్రష్ చూస్తే మంచం కింద దూరిపోతోంది. ఎదురుగా లేకుండా నేను కళ్ళు పెట్టను. పెడితే అది ఏదో ఒక పిల్లి అవుద్ది గానీ మన సాబ్ అవదు."

"ఆపరేషన్‌కి ఎళ్తూ కళ్ళు లేని బొమ్మ పట్టుకెళ్ళమంటావా?"

"అదే మంచిది. కళ్ళు పెట్టించుకోడానికైనా నువ్వు తిరిగి రావాలి. పక్కా!"

"వస్తానంటావా?"

"రాకేం చేస్తుంది?" అన్నాడు జోగయ్య. "రెండు రోజులు నా వంట తింటే సాబే వెళ్ళి మీ పిన్నిని ఇంటికి లాక్కొస్తుంది."

భ్రమరాంబ నవ్వింది. ఆటో ఎక్కాక మళ్ళీ తల బయట పెట్టింది.

"తలుపు గడియ మరవకండి. నేను లేకపోతే అది మధ్యాహ్నం మీ అన్నం డబ్బా వెతుక్కుంటూ వర్క్‌షాపుకి వచ్చేస్తుంది. ఏ వ్యాగన్‌లోనో దూరి పడుకుంటుంది."

"వస్తే చంకనెట్టుకుని తెస్తాను. ఎన్నిసార్లు తేలేదు? పద, పద."

మంగళవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేషన్ ముందుకు జరిపారట, వెంటనే రావాలట. జోగయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూనే రోడ్డు మీదికి పరుగెత్తాడు. అతను చేరేసరికి ఆమెను లోపలికి తీసుకువెళుతున్నారు. గుప్పిట విప్పి టెంకను అతని చేతిలో పెట్టింది.

సాయంత్రానికి గండం గడిచిందన్నారు డాక్టర్లు.

తెలివొచ్చాక ఆమె మొదట అడిగింది సాబ్ సంగతే. ఆ తర్వాత రోజూ అడిగింది.

"బాగుంది. పాలు తాగి పడుకుంది," అనేవాడు జోగయ్య, కిటికీ వైపు చూస్తూ. అతని కళ్ళు ఎర్రబడితే తన కోసమే అనుకుంది.

పన్నెండో రోజున భ్రమరాంబ ఇంటికి వచ్చింది. ఊర్మిళ అప్పటికే రంగులు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఏమీ అడగకుండానే టెంక అందుకుంది. పసుపులో చుక్క ఆకుపచ్చ కలిపి, వెంట్రుకంత సన్నని బ్రష్‌తో ఎడమ కన్ను పెట్టడం మొదలుపెట్టింది.

"ఉండవే, సాబ్‌ని పట్టుకోనీ," అంది భ్రమరాంబ. "ఎదురుగా లేకుండా కళ్ళు పెట్టనన్నావుగా?"

ఊర్మిళ తలెత్తలేదు.

"నాకు గుర్తున్నాయి పిన్నీ," అంది మెల్లగా. బ్రష్ రెండో కన్ను దగ్గరికి జరిగింది.

భ్రమరాంబ భర్త వైపు చూసింది. జోగయ్య తలుపు గడియ పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ మంగళవారం, గడియ వేయని తలుపు దాటి జోగయ్యను వెతుక్కుంటూ వర్క్‌షాపుకి వెళ్ళిన సాబ్, బాగుచేసిన ఒక వ్యాగన్‌లో పడుకుని ఉండటం తోటి ఫిట్టర్ చూసేసరికే ఆ బండి కదిలిపోయింది. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు. సాబ్ మళ్ళీ రాలేదు.