ఆ గొంతు

పాట ముగిసేసరికి హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది. అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే, "మీరు వరుసలో ఏడో వారు, దయచేసి లైన్లో ఉండండి" అని తియ్యగా పలికే గొంతును వెక్కిరిస్తూ గాయకుడు కట్టిన రాక్ పాట అది. ఒకప్పుడు అతను అలా ఫోన్ పట్టుకుని ఉండగా, వంతు వచ్చేలోపే అతని తండ్రి కన్నుమూశాడని ఆ జనానికి తెలియదు.

తెర వెనక్కి ఒక పెద్దావిడ వచ్చింది.

"బాబూ, ఆ గొంతు నాదే."

గిటారు దించుతున్న అతని చేయి ఆగిపోయింది. ఎదురుపడితే కడిగిపారేయాలని ఇన్నాళ్లూ అనుకున్న మనిషి!

"నేను మీ మాట వింటుండగానే మా నాన్న పోయాడండీ!"

"దేనికో చెప్పకుండా ఒక్క పూటలో రికార్డు చేయించుకున్నారు బాబూ. పోయిన ఏడాది మా ఆయనకి గుండెనొప్పొస్తే నేనూ ఆ నంబరుకే చేశాను. నా గొంతే పలికింది. నేను తొమ్మిదో దాన్నట."

అతని కోపానికి ఎటు పోవాలో తెలియలేదు.

"చుట్టుపక్కల ఎవరూ లేరా?"

"పక్కింటాయన కారు తీస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

"అయ్యో, ఎందుకండీ?"

"చెబుతున్నది నేనే కదా బాబూ. నమ్మి లైన్లోనే ఉండిపోయాను."